చేటలో మిగిలిన గింజలు

మా ఇల్లు విశాఖపట్టణమున వన్ టౌనులో, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి నాలుగు సందుల కీవల నున్నది. పాత పెంకుటిల్లు, మా మామగారి తండ్రి కట్టించినది. మా వాకిటి నుండి సముద్రము కనబడదు గాని దాని తడి మాత్రము మాతో కాపురము చేయుచునే యుండును. వానకాలమున ఉప్పుజాడీ మూత తీసినచో ఉప్పు నీరుకారి యుండును. అప్పడములు ఎన్నిమార్లు ఎండబెట్టినను మరునాటికి మెత్తబడును. పెట్టెలో మడిచి పెట్టిన పట్టుచీరల యంచులకు సైతము బూజు పట్టును. ఈ బూజును మే మెన్నడును పగవానిగా నెంచలేదు. తుడిచిన పోవు మురికి యనుకొంటిమి. ఆ పొరపాటు చేత మా యింట జరిగిన యొక పనిని గూర్చి వ్రాయదలచితిని. చెప్పుటకు సిగ్గుగానే యున్నది. కాని ఈ పత్రికను చదువు గృహిణులలో అట్టి పని చేయనివారు బహు కొద్దిమంది యుందురని తోచుట చేత ధైర్యము తెచ్చుకొనుచున్నాను.

మా అన్నయ్య విజయనగరము జిల్లాలో గజపతినగరమునకు దాపున నొక పల్లెలో సేద్యము చేయుచున్నాడు. మా నాన్నగారి కాలమున ఆ పొలములో గోగు, నువ్వు, చోడి పండెడివి. ఇప్పుడు అచ్చట నెక్కడ చూచినను మొక్కజొన్నయే. మావారికి మధుమేహము వచ్చినది మొదలు రాత్రిపూట అన్నము మాని రొట్టె తినుట యలవాటైనది. గోధుమరొట్టె కంటె జొన్నరొట్టె, దాని కంటె మొక్కజొన్నరొట్టె వారికి రుచించెను. అందుచేత అన్నయ్య ఏటేటా రెండు బస్తాల గింజలు పంపుట ఆచారమైనది.

2014వ సంవత్సరము సెప్టెంబరు నెలాఖరున బస్తాలు వచ్చినవి. "గింజ ఇంకను పచ్చిగా నున్నది. రెండు మూడు దినములు మంచి యెండలో ఆరబోసి ఆ మీదట మూట కట్టుము" అని అన్నయ్య మరీ మరీ చెప్పెను. నేను సరే యంటిని. అవి దసరా దినములు. ఇల్లు నిండ చుట్టములు. గింజలను మేడమీది కెక్కించువారు లేక బస్తాలు వంటయింటి మూల గోడ కానించిన వానించినట్లే యుండిపోయినవి.

అక్టోబరు 12వ తేదీ ఆదివారమున హుద్‌హుద్ తుపాను మా యూరిని తాకినది. ఆ దినమును గూర్చి విశాఖవాసులకు నేను చెప్పనక్కరలేదు. ఉదయము మొదలు సాయంకాలము వరకు ఆ గాలి యరచిన యరపు ఇప్పటికిని చెవులలో నున్నది. మా వంటయింటి పెంకులు సగము లేచిపోయినవి. వాన నేరుగా లోపలికి పడినది. మంచములు, పరుపులు, పుస్తకములు కాపాడుకొనుటలో మొక్కజొన్న బస్తాలు ఎవరికిని గుర్తు రాలేదు. ఆ తరువాత ఎన్నో దినములు దీపములు లేవు, నీళ్ళు లేవు, పూర్ణా మార్కెట్టులో కూరగాయల ధర లడుగుటకే భయము.

ఇంచుమించు పది దినములకు నేను బస్తా మూతి విప్పితిని. లోపల చేయి పెట్టగా వెచ్చగా నుండెను, జ్వరము వచ్చిన పసిబిడ్డ నుదురు వలె. పాత గుడ్డల వాసన. గింజల ముక్కుల వద్ద పసుపు కలిసిన పచ్చని పొడి. కొన్ని గింజలు గులాబిరంగు తిరిగి తెల్లని నూగుతో ఒకదాని కొకటి అతుకుకొని యుండెను. మా అత్తగారు వచ్చి చూచి, "లక్ష్మిని పారవేయరాదు. చెరిగి, ఏరి, మంచివి మనము పెట్టుకొని తక్కినవి ఎవరికైన నిమ్ము" అనిరి. ఆ మాటలో తప్పేమియు నాకు కనబడలేదు. నేనును మా యాడబిడ్డయు రెండు దినములు కూర్చుండి చేటలతో చెరిగితిమి, ఏరితిమి. కంటికి శుభ్రముగా నున్నవి ఒక డబ్బాలో పోసితిమి. రంగు మారినవి, పురుగు తొలిచినవి, ముక్కలైనవి, పొడి పట్టినవి చేటలో మిగిలినవి. అవి సుమారు పది కిలోలుండును. అందులో కొంత మా పనిమనిషికి, "మీ కోళ్ళకు వేసికొమ్ము" అని యిచ్చితిని. కొంత పాలు పోయునామె గేదెకు పంపితిని. పుణ్యము చేసితి ననియే యనుకొంటిని. తుపానులో ఆ పనిమనిషి పాక కప్పు సాంతము పోయినది; ఆమెకు ఏదో యొకటి యియ్యవలెనను తలంపును నాకు లేకపోలేదు.

అయిదారు దినములు గడచినవి. ఒక ఉదయమున ఆమె ఆలస్యముగా వచ్చి గుమ్మము వద్దనే నిలుచుండెను.

"అమ్మా, మా కోడిపిల్లలు సచ్చిపోనాయమ్మా. తొమ్మిదీ పోనాయి. రెండ్రోజులు తూలుకుంట తిరిగి, పొద్దున్న లేసి సూసీసరికి రెక్కలు వాల్చేసి పడున్నాయి."

తుపాను తరువాత కోళ్ళకు ఏదో తెగులు వచ్చి యుండునని నే నంటిని. ఆమె కొంతసేపు ఊరకుండి, మెల్లగా ననెను: "మరి ఆ గింజలు నేను కడిగి ఎండబెట్టి మరాడించినానమ్మా. మూడు రోజుల్నించి పిల్లలకి అంబలి కాసి ఎడతన్నాను. మీ ఇంటి గింజే కదా, ఏటవుద్దిలే అనుకున్నాను."

ఆ మాట విన్నంతనే నా కాళ్ళు వణకినవి. ఆమె నన్ను నిందింపలేదు. నింద కంటె ఎక్కువైనది ఆ "మీ యింటి గింజ" యను నమ్మకము. చెప్పులైన తొడుగుకొనక ఆమె వెంట పోయితిని. మిగిలిన పిండిని తెచ్చితిని. ఇద్దరు పిల్లలు, ఎనిమిదేండ్లది యొకతె, నాలుగేండ్లవా డొకడు. ఇరువురిని ఆస్పత్రికి కొనిపోయితిమి. అచ్చటి యువవైద్యుడు పొట్ట నొక్కి చూచి, కనురెప్పలు విప్పి చూచి, రక్తపరీక్ష చేయించి, "ఇప్పటికి దోష మేమియు లేదు. కొన్నాళ్ళు కండ్లు పచ్చబడుచున్నవేమో కనిపెట్టుచుండుడు" అని చెప్పెను. నేను లేచుచుండగా, "తక్కిన గింజ లేమి చేసితిరి?" అని యడిగెను. కంటికి శుభ్రముగా నున్నవి మా డబ్బాలో నున్నవని చెప్పితిని. అత డేమియు ననక నా వంక చూచెను.

తరువాత రెండువారములు ప్రతిదినమును తెల్లవారగనే ఆ పాకకు పోయి, పిల్లలను వెలుతురులోనికి తెచ్చి, వారి కండ్ల తెలుపును చూచి వచ్చెడిదానను. పిల్లలకు అది యొక ఆటయైనది. నన్ను చూడగానే వ్రేళ్ళతో కనురెప్పలు లాగి నవ్వెడివారు. దైవవశమున వారికేమియు కాలేదు. కోడిపిల్లలు ఆ గింజల చేతనే చచ్చినవని నేను రుజువు చేయజాలను, పరీక్ష చేయింపలేదు. కాని ఆ పదునాలుగు ఉదయములలో నాకు పట్టిన భయమే నన్ను పుస్తకముల వద్దకు పంపినది.

చదివిన కొలది తెలిసిన దేమనగా, ఆ పసుపుపచ్చని పొడి ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను శిలీంధ్రము కావచ్చును. అది పెట్టు విషమునకు అఫ్లాటాక్సిన్ అని పేరు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా సీమకోళ్ళు కారణము తెలియక చచ్చినవి. వానికి పెట్టిన వేరుసెనగ చెక్కను పరీక్షింపగా ఈ విషము బయటపడినది. పక్షిజాతికి, అందును పిల్లలకు, ఇది మిక్కిలి త్వరగా తగులును. మనుష్యునకు ఒకమారు ఎక్కువగా తగిలిన కాలేయము చెడి కామెర్లు వచ్చును. కొద్దికొద్దిగా ఏండ్ల తరబడి తగిలిన కాలేయమున కాన్సరునకు దారి తీయును. కడిగిన పోదు. వంట చేసిన నశింపదు. అంబలి ఎంత కాగినను ఆ విషములో పెద్దభాగ మట్లే నిలుచును. బూజు చచ్చును, విషము మిగులును. మన దేశపు ఆహార ప్రమాణముల ప్రకారము కిలో ధాన్యములో పదునైదు మైక్రోగ్రాములకు మించి యుండరాదు. ఆ లెక్క నాకు మొదట తలకెక్కలేదు. పది టన్నుల గింజలు మోయు లారీని తలచుకొనుడు; ఆ లారీ మొత్తములో గ్రాములో ఏడవవంతు విషమున్న చాలును, హద్దు చేరినట్లే.

మన తెలుగునేలపై నున్న సంస్థయే ఈ విషయమున గొప్పపని చేసినదని చదివి సంతోషించితిని. ఆ కథ మాత్రము సంతోషకరమైనది కాదు. 1974లో గుజరాతులోని పంచమహల్ జిల్లాలోను, రాజస్థానములోని బాఁస్వాడా జిల్లాలోను గిరిజన గ్రామములలో కామెర్లు, కడుపులో నీరు చేరి జనులు చావజొచ్చిరి. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ నుండి కృష్ణమాచారి, భట్ మొదలగు శాస్త్రజ్ఞులు విచారణ చేసిరి. వారి లెక్కలో జబ్బుపడినవారు 397 మంది, చనిపోయినవారు 106 మంది. కోతకు ముందు అకాలవర్షము కురిసి మొక్కజొన్న తడిసినది. తడిగానే నిలువచేసిరి. ఇంటివారు తిన్నదే కుక్కలకును పెట్టిరి. కుక్కలును అదే రోగమున చచ్చినవి. 2004లో కెన్యా దేశమునను అట్లే మొక్కజొన్న వలన 125 మంది మరణించిరి. మన దక్కను గ్రామములలో 1995లో వానకు తడిసిన జొన్న, మొక్కజొన్న తిన్నవారికి కడుపునొప్పి, విరేచనములు పట్టుకొన్నవి. దానికి కారణము వేరొక బూజు పెట్టు ఫ్యుమోనిసిన్ అను విషమని అదే సంస్థవారు కనుగొనిరి. మా గింజలపై గులాబిరంగు తిరిగిన తెల్లని నూగు ఆ జాతిది కావచ్చును.

ఇక్కడ నన్ను మిక్కిలి బాధించిన సంగతి యొకటి చెప్పవలెను. ఈ విషము బస్తా యంతట సమముగా వ్యాపించి యుండదట. ఎన్నో మంచిగింజల నడుమ కొద్దిగింజలలో మిక్కుటముగా నుండును. కనుకనే పుచ్చినవి, రంగు మారినవి, ముక్కలైనవి చేతితో ఏరివేసినచో విషము చాల భాగము తొలగునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. మన తల్లులు చేటతో చేయు పనిని శాస్త్రమే మెచ్చుకొన్నదని మొదట గర్వించితిని. వెంటనే మరియొకటి తోచెను. ఏరివేసినవి ఎచ్చటికి పోయినవి? రెండు బస్తాలలో చెల్లాచెదరుగా నున్న విషమును నేనును మా యాడబిడ్డయు రెండు దినములు శ్రమపడి ఒకచోటికి చేర్చి, చిక్కబరచి, ఒక పేదరాలి కొంగులో పోసితిమి. పుణ్య మనుకొనిన పని యది! మన యిండ్లలో చల్దియన్నము, పుచ్చు పప్పు, బూజుపట్టిన పచ్చడి, ముక్కిన బియ్యము పోవు దారి యెల్ల ఇదియే కదా. ఇంటివారికి పనికిరానిది పనివారికి పనికివచ్చునని మన కెవరు చెప్పిరి? వారి కాలేయము వేరొక పదార్థముతో చేసినదా?

పాలమ్మాయి గేదెకు పంపిన దానికి కూడ లెక్క యున్నది. పాడిపశువు ఈ విషము తిన్నచో ఒక దినము లోపలనే దాని రూపాంతరము పాలలోనికి దిగును. ఆ పాలు మా మనుమరాలు త్రాగుచుండెను. దానము చేసినది గడపదాటి పోయినదను కొనుట మన భ్రమ.

కాఫీ త్రాగుచు ఈ సంగతు లన్నియు అన్నయ్యకు చెప్పితిని. చెప్పునప్పుడు నా స్వరమున కొంత కాఠిన్యము వచ్చి యుండును. పచ్చిగింజ పంపితివేమని యడిగితిని. అన్నయ్య కొంతసేపు పెరటి వంక చూచి, "నేను రెండు దినములు ఆరబోయుమంటిని గదే, అమ్మీ" అనెను. మరల ఊరకుండి, "అయినను తప్పు నీ వంటయింట మొదలు కాలేదు. రబీలో వచ్చి పొలము చూడుము" అనెను.

ఫిబ్రవరిలో పోయితిని. అన్నయ్య చేను దూరము నుండి చూచుటకు పచ్చగానే యుండెను. దగ్గరకు పోగా, కండె పాలు పోసికొనుచున్న వేళ అక్కడక్కడ మొక్కలు ముందుగానే వడలి, నిలుచుండియే ఎండిపోవుచుండెను. కొన్ని నడుము విరిగి పడియుండెను. అన్నయ్య యొక మొక్కను పెరికి కొడవలితో నిలువుగా చీల్చెను. లోపలి బెండు చితికి నారలు నారలుగా విడిపోయి యుండెను. ఆ నారల వెంబడి సన్నని నల్లని పొడి. వన్ టౌనులో మా కిటికీ చువ్వల మీద తెల్లవారి వేలితో తుడిచినచో నంటు పొడివలెనే యున్నది. రైతులు దీనిని ఎండుతెగులనియు, కాండము కుళ్ళనియు అందురు. శాస్త్రజ్ఞులు బొగ్గుకుళ్ళని వర్ణించిన దీనికి కారణమగు శిలీంధ్రము పేరు మాక్రోఫోమినా. ఆ నల్లని పొడి కేవలము మసి కాదు. ఒక్కొక్క రేణువును శిలీంధ్రము దాచుకొన్న గట్టి మూట. పైరు కోసి, మోళ్ళు దున్నినను ఆ మూటలు ఎండిన నేలలో ఏండ్ల తరబడి బ్రతికి యుండును. పూత సమయమున నీరు చాలక, ఎండ ముదిరి, మొక్క సత్తువ యంతయు కండెకు పోయి కాండము నీరసించిన వేళ కనిపెట్టి లేచును. తెలుగులో మనుష్యుని జాడ్యమునకును పైరు జాడ్యమునకును తెగులను మాట యొక్కటియే. ఆ మాట పుట్టించినవారు తెలిసినవారు.

"మందు చల్లలేదా?" అని నే నడిగితిని. కాండము కుళ్ళిన తరువాత చల్లు మందు ఫలింపదనియు, వ్యాధి కనబడుట దాని యంత్యదశ యనియు అన్నయ్య చెప్పెను. అతడు మొదట తెలియక దుకాణదారుడు చెప్పిన మందులు రెండు చల్లి డబ్బు పోగొట్టుకొనెను. పిదప పంట మార్చవలెనని యెవరో చెప్పగా మొక్కజొన్న మాని నువ్వు వేసెను. నువ్వు వేళ్ళు కుళ్ళి ఎండినవి. మరుసటేడు గోగు వేసెను. దానికిని కొంత తగిలినది. విశ్వవిద్యాలయము వారి పరిశోధనాస్థానము నుండి వచ్చిన యొక శాస్త్రజ్ఞుడు ఆ ఎండిన మొక్కలన్నిటిని వరుసగా చీల్చి చూపి, "మీరు పంట మార్చితిరి గాని దీని తిండి మార్చలేదు" అనెనట. మాక్రోఫోమినా తిను మొక్కలు అయిదువందలకు పైబడి యున్నవి. మొక్కజొన్న, జొన్న, నువ్వు, గోగు, వేరుసెనగ, సెనగ, సోయాచిక్కుడు అన్నియు దానికి అన్నమే.

సోయాచిక్కు డనగా గుర్తు వచ్చినది. మా పినతండ్రి మనుమరాలిని నిర్మల్ ప్రాంతమున కిచ్చిరి. అచ్చటి నల్లరేగళ్ళలో వానకాలమున సోయాచిక్కుడు, దాని వెనుక సెనగ. కాయ నిండు వేళ వాన మొగము చాటువేసినచో సోయా మొక్కలు ఆకులు రాలకయే ఎండిపోవునని, మొదలు గీరి చూచిన బూడిదరంగు తిరిగి నల్లచుక్కలు కనబడునని ఆ పిల్ల చెప్పినప్పుడు, చూడని పొలమైనను నాకు పరిచయమైనట్లే తోచెను. సోయా తరువాత వేయు సెనగకు వచ్చు ఎండు వేరుకుళ్ళును అదే శిలీంధ్రము చేతనే. ఆదిలాబాదు నుండి విజయనగరము వరకు ఒకే నల్లపొడి.

మరి మార్గము లేదా యనిన, ఉన్నది. కాని అది మందుడబ్బాలో లేదు. నీరు నిలువగట్టిన నేలలో ఆ నల్లమూటలు త్వరగా నశించును. అందుచేత పల్లపుమడిలో వరి పండించి, దాని వెనుక మొక్కజొన్న వేయుట మేలని శాస్త్రజ్ఞుడు చెప్పెను. అన్నయ్య అట్లు చేయగా ఎండుతెగులు తగ్గినది. తగ్గిన సంతోషము తీరకమునుపే క్రిందియాకుల మీద పాము చర్మము వంటి పట్టీలు పట్టీలుగా మచ్చలు వచ్చినవి. అది పాముపొడ తెగులు. వరికి పొడతెగులు తెచ్చు రైజోక్టోనియాయే దీనికిని కారణము. ఒక చుట్టమును వెళ్ళగొట్ట పోయి మరియొక చుట్టమును పిలిచినట్లైనది! దానికి మాత్రము సులభమగు నుపాయ మున్నది. నేలకు తగులు క్రిందియాకులు రెండు మూడింటిని ఒలిచివేసినచో తెగులు పైకి ప్రాకు నిచ్చెన తీసివేసినట్లగును. ఒలిచిన యాకులు చేనులో పడవేయరాదు. ఈ పని మా వదినెయు, కూలి ఆడువారును చేసిరి. అన్నయ్య గట్టుమీద నిలుచుండి సలహా లిచ్చెను. చలి, మంచు హెచ్చుగా నున్న రబీలో ఆకుల మీద పడవ ఆకారమున పొడుగైన మచ్చలతో ఆకుమాడు తెగులు వచ్చును. దానికి మాంకోజెబ్ లీటరునకు రెండున్నర గ్రాముల లెక్కన మొదటనే చల్లిన గుణము కనబడును. మందు పనిచేయు తెగు లొకటి, చేయని తెగు లొకటి. ఏది యేదియో తెలియకయే మనవారు ప్రతిదానికి ఒకే సీసా కొనుచున్నారు.

ఎండుతెగులునకు అన్నయ్య నమ్మినవి మూడు: మొక్కలు మరీ ఒత్తుగా వేయకుండుట, నత్రజని యెరువు కుమ్మరించి పొటాషు మరచు నలవాటు మానుట, పూత మొదలు గింజ గట్టిపడు వరకు నీరు తప్పనీయకుండుట. చివికిన పశువుల యెరువులో ట్రైకోడెర్మా అను మేలుచేయు శిలీంధ్రమును పెంచి దుక్కిలో చల్లుటయు మొదలుపెట్టెను. బూజుతో బూజును కొట్టుట విని మా అత్తగారు నమ్మలేదు.

వీని కన్నిటికిని నా వంటయింటి బస్తాకును సంబంధ మేమని చదువరు లడుగవచ్చును. నేనును అడిగితిని. ఆస్పర్జిల్లస్ కూడ పొలముననే గింజ నాశ్రయించును. పూతవేళ నీటికి మొగమువాచిన మొక్క, పురుగు తొలిచిన కండె దానికి తెరచిన వాకిళ్ళు. 2018లో మన దేశమునకు వచ్చిన కత్తెరపురుగు ఆ వాకిళ్ళను మరిన్ని చేసినది. గింజ ఇంటికి వచ్చునప్పటికే రహస్యముగా బీజము మోసికొని వచ్చును. మన యింటి తడి దానిని పెంచును. అన్నయ్య పూతకు తడి పెట్టకపోయినను, నేను దసరాకు ఆరబోయకపోయినను, ఫలమును మూడవవారు తిందురు. ఆ దినమున మా యన్నాచెల్లెండ్ర వాదము అంతటితో ముగిసినది.

విత్తనమును గూర్చియు ఒక మాట. అన్నయ్య ఊరిలో ఒక యేడు ఎవరికో బాగుగా పండినదని ఊరంతయు ఆ యొక్క విత్తనమే వేసిరి. అమెరికా వారంతటివారు 1970లో ఇట్లే చేసి పడిరి. అప్పటి సంకరవిత్తనములలో ఎక్కువభాగము ఒకే తల్లి లక్షణము కలవై యుండెను. ఆ లక్షణమునకే సరిపడిన ఆకుమాడు శిలీంధ్ర మొకటి పుట్టి, ఒక్క కారులో దేశపు పంటలో ఇంచుమించు ఆరవవంతును తినివేసినది. విద్యలోను ధనములోను మనకు మించినవారికే ఆ గతి పట్టగా, మనవారు పక్కచేను చూచి విత్తనము కొనుట ఎప్పుడు మానుదురో తెలియదు. నేను చెప్పగా అన్నయ్య నవ్వి, "పట్టణమున కూర్చుండి చెప్పుట సులభము. మా ఊరి దుకాణములో దొరకునది అదే" అనెను. అదియు నిజమే.

ఇక ఇంటి సంగతి. గింజ ఎండినదో లేదో తెలిసికొనుటకు పరికరములు లేని మనబోటివారికి ఒక సులభమగు పరీక్ష యున్నది. తడిలేని గాజుసీసాలో మూడవవంతు గింజలు పోసి, ఒకటి రెండు చెంచాల పొడియుప్పు వేసి, మూత బిగించి ఒక నిమిషము బాగుగా ఊపవలెను. కొంతసేపు నిలిపి చూచినచో, ఉప్పు సీసాగోడల కంటుకొన్నయెడల గింజలో తడి నూటికి పదునైదు పాళ్ళకు పైన నున్నదని గుర్తు. అంటక క్రిందికి రాలిన కొంతకు నిలువ చేయవచ్చును. పండ్రెండు పదమూడు పాళ్ళకు దిగునట్లు మరియొక ఎండ తగిలించిన మరింత క్షేమము. నేను మొదటిమారు చేసినప్పుడు ఎంత ఎండిన గింజకైనను ఉప్పు సీసాకు పట్టుకొనుచునే యుండెను. రెండు దినములు గింజలను నిందించితిని. తరువాత తెలిసినది, మా వన్ టౌను ఉప్పే తడి యని! ఇప్పుడు ఉప్పును పెనముమీద వేచి, చల్లార్చి, ఆ పిదప వేయుచున్నాను. బస్తాలు నేలమీదగాని గోడ కానించిగాని పెట్టక, చెక్కబల్లమీద జానెడు ఎడముగా పెట్టుచున్నాము. ఏరివేసిన గింజలు కోడికి లేవు, గేదెకు లేవు, మనిషికి లేవు. పెరటిలో గుంట తీసి పూడ్చుచున్నాము. మొదటిసారి పూడ్చినప్పుడు మా అత్తగారు కంటనీరు పెట్టుకొనిరి. ఆకలి నెరిగిన తరమువారు. ఆమె దుఃఖమును నేను తక్కువగా చూడలేదు. మరునాడు ఆమెయే, పూడ్చిన దానికి బదులుగా మంచిగింజలు రెండు కుంచములు కొలిచి పనిమనిషికి ఇయ్యుమనిరి.

చచ్చిన కోడిపిల్లలకు వెల కట్టి యిచ్చితిని. ఆమె కొంతసేపు పుచ్చుకొనలేదు. ఆ పిల్లలలో పెద్దది ఇప్పుడు కళాశాలలో చదువుచున్నది. దానికి ఆ ఉదయములు గుర్తున్నవో లేవో నేనెన్నడును అడుగలేదు.

మొన్న అన్నయ్య పంపిన బస్తా వచ్చినప్పుడు నేను ఊర లేను. తిరిగి వచ్చునప్పటికి పనిమనిషి గింజలను మేడమీద బరకము పరచి ఆరబోసి, వేచిన యుప్పుతో సీసా నూపి వెలుతురుకెత్తి చూచుచుండెను. గాజుమీద నాలుగైదు పలుకులు అంటుకొని యున్నవి.

"ఇంకో ఎండ పడాలమ్మా" అని, ఆమె గింజలను కాలితో మరల తిరుగబోయసాగెను.